గేటు మూసిన కూత

“శుక్కురారం నూనె వోసినవా, చెల్లె?”

“వోసిన, భాయి. ఇంట్ల ఉన్న పల్లినూనె అంత నీ సైరనుకే తాపిన. నా కూరకు సుక్క మిగల్లే.”

“మంచిదాయె. నీ కూర తినేటోళ్ళు బతికిపోయిన్రు.”

మేమిద్దరం ఆఖరిసారి మాట్లాడుకున్న మాటలు ఇవి. ఆయన వనపర్తి దవాఖానలో మంచం మీద, నేను గద్వాలలో కాలువ గట్టు మీద, మధ్యలో ఆయన కూతురి ఫోను. చచ్చేముందు మనుషులు దేవుణ్ణో పిల్లల్నో తలుచుకుంటారంటారు. ఈయన నా కూరను తిట్టి పోయాడు.

నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మొదట్లోనే మూతి ముడిచింది. “అవ్వా, చచ్చేముందు అని రాయాల్నా? కన్నుమూసే ముందు అంటె మంచిగుంటది” అంటుంది. చచ్చేముందనే రాయి బిడ్డా. కన్ను మూసినవాడు మళ్ళీ తెరుస్తాడు.

ఈ మాటలు ఎవరికంటే, కాలువ పక్క నడక బాటలో నా తర్వాత పనికి చేరిన పిల్లలకు. మీకు ఒక చీపురు, ఒక పచ్చ కోటు, ఒక విజిల్ ఇచ్చి ఉంటారు. విజిల్ దేనికని ఎవరూ చెప్పి ఉండరు. నేను చెబుతాను. దేనికీ కాదు.

మీకు తెలిసింది బాట. నాకు తెలిసింది మిల్లు. ఇప్పుడు మీరు పూలమొక్కలకు నీళ్ళు పట్టే చోట పల్లికాయ గుట్టలు ఉండేవి. లోపల కాయ కొట్టి గింజ తీసేవాళ్ళు, గింజ ఆడి నూనె తీసేవాళ్ళు. మేం ఆడవాళ్ళం వరుసగా కూర్చుని పుచ్చు గింజ ఏరేవాళ్ళం. నా మొగుడు మూటలు మోసేవాడు. ఈ భాయి గేటు కాడ ఉండేవాడు. సైరన్ ఆయనదే. కరెంటు ఉంటే మీట నొక్కేవాడు. కరెంటు మన ఊళ్ళో ఎప్పుడుండేదో మీకు చెప్పక్కర్లేదు. అందుకని చేత్తో తిప్పే సైరన్ ఇంకొకటి ఉండేది. ఇనుప డబ్బా, పక్కన పిడి, పైన మూత. గిరగిరా తిప్పితే కాలువ అవతలి దాకా కూత పోయేది.

పొద్దున్నే ఒక పొడుగు కూత. అంటే పనికి రమ్మని. తర్వాత రెండు పొట్టి కూతలు. అంటే గేటు మూశానని. ఆ రెండు కూతలు పడ్డాక వచ్చినవాళ్ళకు ఆ పూట పని లేదు. ఇంటికి తిరిగి పోవాల్సిందే.

మా బస్తీ కాలువకు అవతలి గట్టున ఉంది. వంతెన ఎక్కడో దూరం. కాలువలో నీళ్ళున్న రోజుల్లో చుట్టు తిరిగి వచ్చేవాళ్ళం, నీళ్ళు లేనప్పుడు అడ్డంగా దిగి పరుగెత్తేవాళ్ళం. గట్లు వాలుగా ఉంటాయి కదా, కాలు పెట్టుకోవడానికి మిల్లు మనుషులే రెండు వైపులా మెట్లలాగా గాట్లు కొట్టుకున్నారు. సగం దూరం పోయేసరికి రెండు పొట్టి కూతలు వినబడితే ఇక పరుగు దండగ. కాలువ నడుమనే నిలబడి ఆ భాయిని కడుపారా తిట్టి వెనక్కి పోవడం మాకు ఆనవాయితీ. “నీ చేతులు ఇర్గ! నీ దినం గాను! నీ పాడెగట్ట!” అని ఒకరి తర్వాత ఒకరం. ఆయన గేటు లోపలినుంచి అంతా విని, “ఇంకేమన్న మిగిలిందా అక్కా?” అని అడిగేవాడు. మిగిలిందీ తిట్టి పోయేవాళ్ళం.

తర్వాత మిల్లు పోయింది. కొన్నాళ్ళకు నా మొగుడూ పోయాడు. మిల్లును అప్పులు తిన్నాయి, ఆయన్ని పొట్టు దుమ్ము తిన్నది. పదేండ్లకు పైగా ఆ గోడల మధ్య తుమ్మ మొలిచింది, తాగుబోతులు మొలిచారు. అప్పుడు పట్టణం పెద్దలకు కాలువ గట్టున జనం నడవాలని బుద్ధి పుట్టింది. తుమ్మ కొట్టారు, రంగు ఇటుకలు పరిచారు, బెంచీలు వేశారు. మిల్లు వైపు గట్టుకు కొత్తగా నున్నటి సిమెంటు పోశారు. పొగ గొట్టానికి రంగులు వేశారు. చేతి సైరన్‌ను గచ్చు దిమ్మె మీద బిగించి దానికీ రంగు వేశారు, ఫొటోలు దిగడానికి. ఊడ్చడానికి నన్ను, కాపలాకు ఆ భాయిని పెట్టుకున్నారు. ఇద్దరం పాత సామానే కదా, దిమ్మె మీద బిగించలేదు, అంతే తేడా.

మొదట్లో నాకు ఆ బాట అర్థమయ్యేది కాదు. నేను పుట్టినప్పటినుంచీ నడుస్తూనే ఉన్నాను, ఎక్కడికీ పోకుండా నడవడం మాత్రం అక్కడే చూశాను. ఈ చివర నుంచి ఆ చివరకు రొప్పుకుంటూ పోతారు, మళ్ళీ వెనక్కి వస్తారు, గేటు బయట మిరపకాయ బజ్జీలు తిని మోటారు బండెక్కి ఇంటికి పోతారు. నవ్వుల సంఘం వాళ్ళు ఒకచోట గుండ్రంగా నిలబడి, ఎవరూ ఏమీ అనకుండానే హహహ అని నవ్వుతారు. మొదటి రోజు అది చూసి నేను చీపురు వదిలి భాయి దగ్గరికి పోయాను.

“భాయి, వాళ్ళకేమైంది?”

“నౌకర్లు అయిపోయినయ్ చెల్లె. పింఛన్ వస్తది. నవ్వరా మరి?”

కసరత్తు మిషన్ల మీద మా బస్తీ ఆడవాళ్ళు కూర్చుని పేలు చూసుకునేవాళ్ళు. కాళ్ళాడించే మిషన్ మీద పసిపిల్లల్ని ఊపి నిద్రపుచ్చేవాళ్ళు. మా మీద అజమాయిషీ చేసే మున్సిపాలిటీ సారు వచ్చినప్పుడు నేను అరిచేదాన్ని, ఆయన పోగానే నేనూ కూర్చునేదాన్ని.

ఇక బాట తెరిచిన రోజు సంగతి. నాయకుడొకాయన వచ్చాడు. జనం కావాలి కదా, మా బస్తీ ఆడవాళ్ళను తీసుకొచ్చి షామియానా కింద కూర్చోబెట్టారు. ఆయన మైకు పట్టుకుని కాలువ గురించి చెబుతున్నాడు. భాయికి చేతులు ఆగలేదు. అలవాటైన పిడి, రంగు వేసిన కొత్త పెళ్ళికూతురిలా ఎదురుగా ఉంది. తిప్పాడు. పొడుగు కూత.

షామియానా కింద ఆడవాళ్ళంతా ఒక్కసారిగా లేచారు. కొంగులు దోపుకుని మిల్లు గేటు వైపు నడవడం మొదలుపెట్టారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. నాయకుడు నోరు తెరుచుకుని ఖాళీ కుర్చీలను చూస్తూ ఉండిపోయాడు. నేనూ లేచి పది అడుగులు వేశాక గానీ, మిల్లు లేదు కదా ముసలిదానా, అని తెలివి రాలేదు.

మరునాడే సైరన్ మీద బోర్డు వేలాడింది. సారు మా ఇద్దర్నీ నిలబెట్టి అది చదివి వినిపించాడు. దాన్ని ముట్టుకోకూడదు, ముట్టుకుంటే పని పోతుంది. భాయి ఇల్లు ఆ జీతం మీదే నడిచేది. ఆయన తల వంచుకుని సరేనన్నాడు. కానీ ప్రతి శుక్రవారం నమాజు చదివి వచ్చి, జేబులోంచి చిన్న సీసా తీసి, పిడి మొదట్లో పల్లీ నూనె పోసేవాడు. ముట్టుకోవడం లేదు కదా, నూనె పోస్తున్నాను, అనేవాడు. పల్లి మిల్లు సైరన్‌కు వేరే నూనె పడదట. నేను నవ్వేదాన్ని.

అసలు రోజు ఎండాకాలంలో వచ్చింది. కాలువలో చుక్క లేదు. ఊళ్ళో అంతకన్నా మంచి క్రికెట్ మైదానం లేదు. బంతి ఎటు కొట్టినా గట్టుకు తగిలి మళ్ళీ కాళ్ళ దగ్గరకే దొర్లుకుంటూ వస్తుంది. ఆ ఆదివారం ఫైనల్. వార్డు లీడరు బహుమతి ఇస్తానని చెప్పి కంచె పొడుగునా ఫ్లెక్సీ కట్టించాడు. దాని మీద బ్యాటూ బంతీ ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. మిగతాదంతా ఆయన మొహమే.

ఎండ దిగే వేళ భాయి ఫోను మోగింది. పైన తూము తిప్పే లస్కరు.

“సాబ్, నీళ్ళు ఇడ్సిన. తాగే నీళ్ళ చెరువు నింపాల్నంట, ఎంటనే తిప్పుమన్నరు. మీ దిక్కు కాల్వల ఎవ్వలు లేరు గద?”

“ఎవ్వలు లేరు. రెండు టీములు ఆడుతున్నయ్, సగం ఊరు సూస్తున్నది, గంతే!”

నీళ్ళు విడిచేముందు డప్పు కొట్టి చాటింపు వేయడం పద్ధతి. ఆ డప్పు ఆ రోజు అయిజ ఊళ్ళో ఒక పెళ్ళి ఊరేగింపులో మోగుతోంది. చాటింపు వేసేవాడికి కూడా బతుకుంటుంది కదా.

నేను విజిల్ ఊదుకుంటూ గట్టు వెంట పరుగెత్తాను. బాట మూసే వేళైందని ఊదుతున్నాననుకున్నారు. “అవ్వా, రెండే ఓవర్లు!” అని అరిచారు. “నీళ్ళొస్తున్నయ్ రా, నీళ్ళు!” అన్నాను. “తే అవ్వా, దూపైతున్నది!” అన్నాడొకడు. ఇంకోసారి ఊదితే అంపైర్ చెయ్యి చాపి నా విజిల్‌కు నో బాల్ ఇచ్చాడు. అందుకే చెప్పాను, అది దేనికీ పనికిరాదని.

వెనక్కి చూస్తే భాయి సైరన్ ముందు నిలబడి ఉన్నాడు. వెనక్కి పరుగెత్తాను.

“ముట్టకు భాయి! నౌకరి పోతది!”

ఆయన బోర్డు విప్పి నా చేతిలో పెట్టాడు. “జర పట్టుకో” అన్నాడు. తిప్పడం మొదలుపెట్టాడు.

ఆ వయసులో ఆ భుజాలకు అంత ఊపు ఎక్కడినుంచి వచ్చిందో. కూత లేచింది, లేచింది, పొగ గొట్టం చుట్టూ ఉన్న పావురాలన్నీ ఎగిరిపోయాయి. పిల్లలు బ్యాట్లు పడేసి చూశారు. దూరంగా కాలువ మలుపులో తెల్లటి నురగ కనిపించింది. అప్పుడు పరుగెత్తారు చూడండి, కోతుల్లాగా గట్టెక్కేశారు. హమ్మయ్య అనుకున్నాను.

అనుకుని అవతలి గట్టు వైపు చూశాను.

మా బస్తీ ఆడవాళ్ళు వస్తున్నారు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఒకామె చేతులకు జొన్నపిండితో, ఒకామె సగం జడ వేసుకుని, గుంపుగా కాలువలోకి దిగేశారు. షామియానా కింద లేచిన ఆడవాళ్ళే. ఆ రోజు చూసి కూడా మా ఇద్దరికీ బుద్ధి రాలేదు. నీళ్ళనుంచి పిల్లల్ని బయటికి తరిమే కూతే ఆ ముసలివాళ్ళను నీళ్ళలోకి పిలిచింది. తర్వాత అడిగితే ఒకామె అన్నది, “నేను ఉర్కలే అక్కా. కాళ్ళు ఉర్కినయ్, ఎంబడి నేను పోయిన.”

నేను అరిచాను, చేతులు ఊపాను. గేటు దగ్గర నిలబడి తొందరగా రమ్మని పిలుస్తున్నాననుకుని ఇంకా గట్టిగా పరుగెత్తారు. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది.

“గేటు మూయి భాయి! గేటు మూయి!”

ఆయనకు వెంటనే అర్థమైంది. మూత వేసి కూతను తెగ్గొట్టాడు. తీశాడు, తిప్పాడు, మళ్ళీ తెగ్గొట్టాడు. రెండు పొట్టి కూతలు.

కాలువ నడుమ అందరూ తాడు లాగినట్టు ఆగిపోయారు. ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, తిట్టడం మొదలుపెట్టారు.

“నీ చేతులు ఇర్గ! గీడిదాంక ఉర్కొస్తిమి!”

“నీ దినం గాను! జరసేపు ఆగలేవా?”

“నీ పాడెగట్ట! మిల్లు నీ అయ్య జాగీరా?”

భాయికి అలవాటు ప్రకారం, “ఇంకేమన్న మిగిలిందా అక్కా?” అనే మాట నోటిదాకా వచ్చి ఉంటుంది. నేనే ఆయన నోరు మూశాను. మిగిలితే మునుగుతారు. అంతలో పాత చెప్పులు, నీళ్ళ సీసాలు ముందు తోసుకుంటూ నీళ్ళు వాళ్ళ పాదాలకు తగిలాయి. తిట్టు నోట్లో ఉండగానే వెనక్కి తిరిగారు. అవతలి గట్టుకు పాత గాట్లు అలాగే ఉన్నాయి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, మధ్యమధ్యలో ఆగి మమ్మల్ని తిడుతూ, అందరూ ఎక్కేశారు.

ఒక్కతి తప్ప. మా తోటికోడలు. మిల్లులో ఉన్నన్నాళ్ళు ఒక్కసారి కూడా గేటు మూయించుకోని మనిషి. ఆ గర్వంతోనే అందరికంటే ముందు పరుగెత్తి మా గట్టు కిందికి వచ్చేసింది. కొత్త సిమెంటు పోసినప్పుడు ఇటువైపు గాట్లు పూడిపోయాయి. కాలు పెడితే జారుతోంది. పైగా మోకాళ్ళ నొప్పులు.

“ఎనకకు పో అక్కా!” అన్నాను.

“ఎందుకు పోత? నేను అందిన! గేటు తెరువుమను ఆ సాబును!”

నీళ్ళు ఆమె పిక్కలు దాటి మోకాళ్ళకు వచ్చాయి. ఇక వెనక్కి పోయే వీలు కూడా లేదు. తాడు కోసం చూశాం, లేదు. నా చీర కొంగు పొట్టి. భాయి కంచె వైపు చూశాడు. నేనూ చూశాను. వార్డు లీడరు మొహం ఆ పొడుగునా నవ్వుతోంది. క్రికెట్ పిల్లలు ఒక్క గుంజు గుంజారు. ఫ్లెక్సీని మెలిపెట్టి కిందికి జార్చాం. మా తోటికోడలు రెండు చేతులతో దాన్ని చుట్టుకుంది. పైన పిల్లలు, భాయి, నేను, నవ్వుల సంఘంలో లావుపాటి పంతులు ఒకాయన, అందరం వెనక్కి వాలి లాగాం. ఆమె ఒక కాలు లీడరు ముక్కు మీద, ఒక కాలు ఆయన నోట్లో పెట్టి ఎక్కి వచ్చింది. పిల్లలు చప్పట్లు కొడితే నేనూ కొట్టాను. ఆయన జనానికి చేసిన మేలు అంత స్పష్టంగా నేను ఎప్పుడూ చూడలేదు.

గట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుని ఆమె అన్న మొదటి మాట, “నాకు ఈ పూట హాజరు ఎయ్యిండ్రి.”

భాయి దిమ్మెకు ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. మొహం మాత్రం పండగ నాటి మొహం. “ఇన్నవా చెల్లె? ఇన్నేండ్లయినా ఒక్క తిట్టు మర్వలే వీళ్ళు” అన్నాడు.

మరునాడు విచారణ. సైరన్ ఎందుకు ముట్టుకున్నావని ఒక్కసారి అడిగారు, ఫ్లెక్సీ ఎవరు చింపారని పదిసార్లు అడిగారు. పిల్లలు బతికారని చెబితే, అది వేరే సంగతి అన్నారు. బోర్డు పెట్టాక కూడా ముట్టుకుంటే నియమం ప్రకారం పని లేదు అన్నారు. తీసేశారు. మంచి పని చేసినవాడిని మెచ్చుకునే కాయితం ఆ ఆఫీసులో లేదేమో. తీసేసే కాయితం మాత్రం ముందే అచ్చు వేసి ఉంది.

ఏడ్చానా అంటే, ఏడ్చాను. ఆయన ఏడవలేదు. మూడో రోజు పొద్దున్నే బూట్లు వేసుకుని బాట మీదికి వచ్చాడు.

“నౌకరి లేదు గద భాయి, ఎందుకొచ్చినవ్?”

“నడవనీకి వచ్చిన. నేను ఇప్పుడు పబ్లిక్. నన్ను మంచిగ సూసుకో, లేకుంటె సారుకు చెప్త.”

రోజూ వచ్చేవాడు. నేను ఊడ్చిన చోటే నడిచి, “ఈడ ఆకు మిగిలింది సూడు” అని చూపించేవాడు. శుక్రవారం జేబులో సీసా ఉండేది. సైరన్ దగ్గరికి పోయేవాళ్ళను ఆపడం ఇప్పుడు నా పని. ఆయన అటు పోయినప్పుడల్లా నాకు కాలువలో చూడాల్సింది ఏదో ఒకటి ఉండేది. కొంగ, చేప, కొట్టుకొచ్చిన చెప్పు. ఆయన నూనె పోసి వచ్చేదాకా చూస్తూ ఉండేదాన్ని.

వానాకాలం వెళ్ళాక ఆయనకు ఛాతీలో జబ్బు చేసింది. వనపర్తిలో ఉన్న కూతురు తీసుకుపోయింది. పోయేముందు సీసా నా చేతిలో పెట్టాడు. తర్వాత ఫోనులో నూనె గురించి అడిగాడు, నా కూర గురించి అన్నాడు. మరునాడు మళ్ళీ ఆ నంబరే మోగితే ఎత్తేముందే నాకు తెలిసిపోయింది.

గద్వాలకే తెచ్చి మట్టి ఇచ్చారు. ఖబరస్తాన్ మిల్లు వెనకే. మగవాళ్ళు పోయి వచ్చారు. నేను బాట ఊడ్చాను. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను. పొద్దు గుంకుతోంది, నడిచేవాళ్ళు నడుస్తున్నారు, నవ్వేవాళ్ళు నవ్వుతున్నారు. ఆ మనిషి ఇంతకాలం అందరికీ గేటు మూశాడు, ఆయనకు గేటు మూసేవాళ్ళు లేకపోవడం ఏం న్యాయం అనిపించింది. చీపురు పక్కన పెట్టి బోర్డు విప్పాను.

పిడి వెన్నలా తిరిగింది. నా పోపు నూనె మరి.

ఒక పొట్టి కూత. ఇంకొక పొట్టి కూత.

 తర్వాత అవతలి గట్టు మీదికి ఒక్కొక్కరే వచ్చారు. ఈసారి ఎవరూ పరుగెత్తలేదు. కాలువలో నిండా నీళ్ళు. ఆ ఒడ్డున వరుసగా నిలబడి, కొంగులు దోపుకుని, మిల్లు వెనక ఖబరస్తాన్ వైపు మొహం పెట్టి, మొదలుపెట్టారు.

“నీ చేతులు ఇర్గ!”

“నీ దినం గాను! మాకు చెప్పకుంట పోతవా?”

మా తోటికోడలు అందరికంటే గట్టిగా, “నీ పాడె…” అని ఎత్తుకుంది. ఎత్తుకుని ఆగిపోయింది. ఆ తిట్టు ఫలించి అప్పటికి ఒక పూట అయింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, “నీ చేతులు ఇర్గ” అని మొదటికి వచ్చింది. నవ్వుల సంఘం వాళ్ళు నవ్వడం ఆపి చూశారు. చీకటి పడేదాకా తిట్టారు. నేను ఇవతలి గట్టునుంచి ఆయన మాట అడిగాను, “ఇంకేమన్న మిగిలిందా అక్కా?” అని. మిగిలిందీ తిట్టి ఇళ్ళకు పోయారు.

నన్ను కూడా పిలిచారు. బోర్డు కనబడలేదా అని సారు అడిగాడు.

“కనవడ్డది సారు. ఏం రాసిందో తెల్వలే. నాకు సదువు రాదు గద.”

ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. తానే చదివి వినిపించిన సంగతి ఆయనకూ గుర్తుంది, నాకూ గుర్తుంది. వయసు అయిపోయింది, ఇక ఇంట్లో కూర్చో అని చెప్పి పంపేశాడు. అట్లా నా నౌకరీకి కూడా గేటు పడింది.

పిల్లలూ, ఇప్పుడు ఆ చీపురు మీ చేతిలో ఉంది. శుక్రవారం నూనె మర్చిపోవద్దు, పల్లీ నూనే పోయండి. నీళ్ళు విడిచారని ఫోను వస్తే విజిల్ ఊదుతూ పొద్దు పుచ్చవద్దు, తిప్పండి. కానీ పొడుగు కూత వేసే ముందు ఒక్కసారి అవతలి గట్టు చూడండి. మా ముసలివాళ్ళు ఇంకా కొందరు ఉన్నారు.

అయిపోయింది బిడ్డా. ఇగ మొదటికెల్లి సదువు, నేను కండ్లు మూసుకొని ఇంట. చచ్చేముందు అన్న కాడ కన్నుమూసే ముందని రాసినవో ఏమో, అది కూడ ఎర్కైతది. తిట్ల కాడ సిగ్గువడి గొంతు తగ్గియ్యకు, మంచిగ గట్టిగ సదువు. ఆయనకు ఒక్క తిట్టు తక్కువైనా నేను ఊకోను.